ఉత్త నీళ్ల లెక్క

రోజు 2,906. ఉదయం

గది వేడి 41. ఫ్రీజర్ పని చేస్తోంది. మిషన్ పని చేస్తోంది. నేను పని చేస్తున్నాను. లెక్కల గది రోజు పుస్తకంలో ఇంతకు మించి రాయకూడదని నిబంధన ఉంది. ఆ నిబంధన పెట్టిన వాళ్లెవరూ ఈ పుస్తకం తెరిచి చూసిన పాపాన పోలేదు కనక నా ఇష్టం వచ్చినట్టు రాస్తాను.

ఈరోజు వంతు మారెక్క మందది. మొత్తం అరవై రెండు గొర్రెలు. నిన్న కోతకు వెళ్లిన మూడింటి కాలేయాల్లోంచి కందిగింజంత ముక్కలు మూడు డబ్బాల్లో వచ్చాయి. సగం ఫ్రీజర్‌లో దాచి, మిగతాది తూచాను, రుబ్బాను, మందు పోశాను, కడిగాను, మిగిలిన సారాన్ని మూలనున్న క్యానులోని శుద్ధినీటితో కలిపి మిషన్‌లో పెట్టాను. మిషన్ నలభై రౌండ్లు తిప్పుతుంది. ముక్కలో నల్లమచ్చ బాక్టీరియా డీఎన్ఏ ఉంటే రౌండు రౌండుకూ రెట్టింపవుతూ పోయి ఎక్కడో ఒక చోట గొట్టం వెలుగుతుంది. పదిహేనో రౌండులోనే వెలిగితే ఊరు ఖాళీ చెయ్యాలి. ముప్పై అయిదు దాటాక వెలిగితే కడుపునిండా తిని పడుకోవచ్చు. ఎన్నో రౌండులో వెలిగిందో చూసి, మిల్లీగ్రాము కాలేయంలో ఎన్ని పురుగులున్నాయో మిషన్ అంకె వేస్తుంది. మూడో నీడలో, అంటే మా ఊళ్లో, దాన్ని లెక్క అంటారు. అయిదు వందలు దాటకూడదు.

612. 604. 609.

ఎనిమిదింటికి మైకులో చదివాను. మారెక్క మంద, లెక్క ఆరు వందల పన్నెండు, తినరాదు, పితకరాదు, మూడో రోజుకు మందంతా సున్నపు గుంతలో పూడ్చాలి. ఊరి మీద కట్టిన నీడగుడ్డకు పడమటి వైపు చిరుగు పడిందనీ, ఎండ నేరుగా దిగుతోంది కనక కుట్టేదాకా అటు వెళ్లొద్దనీ కూడా చదివాను. జనం చిరుగు గురించే ఎక్కువ బాధపడ్డారు.

రోజు 2,906. మధ్యాహ్నం

మారెక్క వచ్చింది. అరవై దాటిన మనిషి, ఈ ఎండలోనూ భుజాన గొంగడి లేకుండా కనపడదు. గొర్రెల వాళ్లు లెక్కల గది గడప దాటకూడదు కాబట్టి బయటే నిలబడింది. చెంబుతో నీళ్లిచ్చాను. ఎత్తిపోసుకుని సగం తాగి, మిగిలిన సగం నాకు తిరిగిచ్చింది. కుండలో పోసేశాను. మూడో నీడలో నీళ్లు నేల మీద పారబోస్తే మూడు రోజుల రేషన్ కోత. పుక్కిలించిన నీళ్లు కూడా మొక్క చూసుకునే ఉమ్ముతాం.

"సుంకమ్మా, నా గొర్రెలకు ఏమొచ్చిందమ్మా?"

"నల్లమచ్చ అక్కా. లెక్క ఆరు వందలు దాటింది."

"దగ్గు లేదు. జొరం లేదు. మేత మాన్లేదు. సూడివి పద్నాలుగుండాయి, ఒగదానికీ కడుపు పోలేదు."

"లోపలుంటుంది. బయటికి కనపడదు."

"మూడిటికీ ఎంతెంత ఉండె?"

చెప్పాను. మారెక్క కాసేపు వేళ్లు మడుచుకుంటూ నిలబడింది.

"అదెట్లమ్మా? ఒగటి పండ్లు రాలిన ముసలిది. ఒగటి బలిసిన పొట్టేలు. ఇంగొకటి పోయిన అమాసకు సంతలో మార్చుకున్న పిల్ల, దాని వాసనే నా గొర్రెలు ఇంగా ఒప్పుకోలేదు. నాకు నలుగురు బిడ్డలు. ఒగ కుండలో తిని ఒగ సాప మీద పండుకున్నోళ్లే. జొరమొస్తే ఒగనికి ఒళ్లు కాలుతుండె, ఒగనికి ఉత్తగ వెచ్చగుంటుండె. ఈ మూడిటికీ కొలిచి పోసినట్ల ఒగే జొరం ఎట్లొస్తుంది?"

"మిషన్ అబద్ధం చెప్పదక్కా."

"మిషన్ని నేనేమన్లేదు" అని గొంగడి సర్దుకుని వెళ్లిపోయింది.

నాకు ఒళ్లు మండింది. ఎనిమిదేళ్లుగా ఈ గదిలో ఉన్నాను. అంతకు ముందు రెండో నీడలో ఉండేదాన్ని. లెక్క తప్పుడుదని కొట్టిపారేసి, ఆ మంద పాలు తాగి, పదకొండు రోజుల్లో రెండు వందల పన్నెండు మంది పోయిన ఊరు అది. అందులో మా తమ్ముడొకడు. అందుకే నేను లెక్క చదివేటప్పుడు గొంతు వణకనివ్వను. గొర్రెలు కాసుకునే మనిషి వచ్చి నాకు లెక్కలు చెప్పడమేమిటని సాయంత్రం దాకా సణుక్కుంటూనే ఉన్నాను. సణుక్కుంటూనే పాత పుస్తకాలు దించాను.

రోజు 2,907

గది వేడి 42. ఫ్రీజర్ గురించి చెప్పుకోవాల్సిందేమీ లేదు.

రెండో నీడ నుంచి తెచ్చిన పుస్తకంలో నిజంగా నల్లమచ్చ సోకిన మందల లెక్కలున్నాయి. ఒకే మందలో మూడు గొర్రెలకు 30, 9,400, 760. ఇంకో మందలో 5, 88, 21,000. ఎక్కడా మూడూ ఒక్కలా లేవు. మారెక్క నలుగురు బిడ్డల సంగతే సరిగ్గా ఉంది. ఆమె మీద మరింత కోపం వచ్చింది.

తర్వాత నా పుస్తకం తీశాను. గడిచిన అయిదు నెలల్లో నాలుగు మందలు సున్నపు గుంతకు వెళ్లాయి, నూట డెబ్బై ఒక్క గొర్రెలు. 540, 533, 548. 571, 580, 569. అన్నీ కవల పిల్లల్లా ఉన్నాయి. నాలుగు మందలూ నెలాఖరు వంతులే. నెల మొదట్లో పరీక్ష జరిగిన మందలకు ఎప్పుడూ తొంభై, నూటపది. శుద్ధినీటి క్యాను నెల మొదటి రోజున నింపుతారు. క్యాను నిండుగా ఉన్న వారం ఊళ్లో గొర్రెలన్నీ ఆరోగ్యంగా ఉన్నాయి. క్యాను అడుగు కనిపించే వారం గొర్రెలన్నిటికీ జబ్బు. ఇది గొర్రెల జబ్బు కాదని కనిపెట్టడానికి పెద్ద చదువు అక్కర్లేదు. నాకు పెద్ద చదువే ఉంది, అయినా అయిదు నెలలు పట్టింది.

ఇలాంటిది పట్టుకోవడానికే వెనకటికి ఒక ఏర్పాటు ఉండేది. ప్రతి పరీక్షలో ఒక గొట్టం అదనంగా పెట్టేవాళ్లం. అందులో కాలేయం ఉండదు, ఉత్త నీళ్లే. అది నలభై రౌండ్లూ చీకటిగానే ఉండాలి. వెలిగిందంటే తప్పు గొర్రెలో లేదు, గదిలో ఉంది. రోజు 2,140న నీటి సంఘం ఒక తీర్మానం చేసింది. ఏమీ లేని నీళ్లను పరీక్షించి వాటిలో ఏమీ లేదని తెలుసుకోవడం వృథా అని అందులో ఉంది. కింద నా సంతకం కూడా ఉంది, గుండ్రంగా, చూడ ముచ్చటగా. ఆ ఏడాది చుక్క నీరు పోనివ్వని గదిగా మాకు ఇత్తడి చెంబు బహుమతి వచ్చింది.

నీటి సంఘం పెద్ద వన్నూరప్ప దగ్గరికి వెళ్లాను. మంచివాడే. ఏది అడిగినా ముందు కాగితం అడుగుతాడు, అంతే. దరఖాస్తు చదివి కళ్లద్దాలు తీశాడు.

"గ్లాసుడు కొత్త శుద్ధినీళ్లా. దేనికి?"

"క్యానులో నీళ్లను పరీక్షించడానికి."

"నీళ్లను నీళ్లతో పరీక్షిస్తావా?"

"అవును."

"ఎండలో ఏమన్నా తిరిగినావా సుంకమ్మా?"

వచ్చే సమావేశంలో పెడతానన్నాడు. సమావేశం తొమ్మిది రోజులకు. మారెక్క మందకు మిగిలింది రెండు రోజులు.

ఇంటికి పోయి నా రేషన్ నీళ్లు రెండు లీటర్లూ కుండలో పోసి పొయ్యి మీద పెట్టాను. మూత బోర్లించి, దానికి పట్టిన ఆవిరి చుక్కల్ని అప్పుడే సీలు తీసిన కొత్త గొట్టాల్లోకి పట్టాను. పొద్దు వాలేసరికి అరగ్లాసు వచ్చింది. మిగిలిన నీళ్లు చాలావరకు ఆవిరైపోయాయి. పక్కింటి వాళ్లను అడిగి ఒక గుక్క తాగాను. ఎందుకని అడిగితే ఉప్పు ఎక్కువైందని చెప్పాను.

రోజు 2,908

గది వేడి 41.

ముందుగా రెండు గొట్టాలు పెట్టాను. ఒకదానిలో ఇంటి ఆవిరి నీళ్లు, ఒకదానిలో క్యాను నీళ్లు. గొర్రె లేదు, కాలేయం లేదు. ఆవిరి నీళ్లు నలభై రౌండ్లూ చీకటిగా ఉన్నాయి. క్యాను నీళ్లు ఇరవై తొమ్మిదో రౌండులో వెలిగాయి. మిషన్ ఎప్పట్లాగే అంకె వేసింది: 606. మా క్యానుకు నల్లమచ్చ వచ్చింది.

తర్వాత మారెక్క గొర్రెల ముక్కలు మూడు, గుంతకు వెళ్లిన నాలుగు మందల ముక్కలు పన్నెండు ఫ్రీజర్‌లోంచి తీశాను. పదిహేనింటినీ ఆవిరి నీళ్లతో మొదటి నుంచి చేశాను. మిషన్ ముందు కూర్చుని ఒక్కటైనా వెలగాలని కోరుకున్నాను. ఇది రాయడానికి సిగ్గుగా ఉంది, కానీ కోరుకున్నాను. ఒక మంద అయినా నిజంగా జబ్బుదైతే బాగుండనిపించింది. ఒక్కటీ వెలగలేదు.

పురుగు డీఎన్ఏ క్యానులోకి ఎలా వెళ్లిందో అప్పటికి ఇంకా అంతు పట్టలేదు. ప్రతి పరీక్షకూ ఒక కొలమానం కావాలి. దాని కోసం కోటి పురుగుల డీఎన్ఏ ఉన్న గొట్టం ఒకటి ఫ్రీజర్‌లో ఉంటుంది. దాన్ని పదో వంతు చొప్పున పలచన చేస్తూ మెట్లు కట్టుకుంటాను. అందుకు క్యానులోంచి కొంచెం నీళ్లు చిన్న గిన్నెలోకి వంచుకుంటాను. ఈరోజూ అలవాటు కొద్దీ మెట్లు కట్టడం మొదలుపెట్టాను. ఆ గొట్టాన్ని తాకిన పిపెట్ కొనే మళ్లీ గిన్నెలో మునిగింది. పని అయ్యాక నా చెయ్యి నన్ను అడక్కుండానే గిన్నె ఎత్తి, మిగిలిన నీళ్లను క్యానులోకి వంచింది.

నేను చూస్తూ నిలబడ్డాను. అది రోజూ వంచే చెయ్యే. నీళ్లు మిగిలితే పారబొయ్యకూడదని మూడో నీడలో పాలు తాగే పిల్లలకు కూడా తెలుసు. మిగిలింది ఎక్కడి నుంచి తీస్తే అక్కడే పొయ్యాలి. రోజుకో గిన్నెడు చొప్పున నేనే పోశాను. క్యాను తరిగే కొద్దీ పురుగు చిక్కబడింది.

వన్నూరప్పను పిలిపించాను. పదిహేడు గొట్టాల లెక్కా చూపించాను. తెలివైనవాడు, రెండో సారి చెప్పించుకోలేదు. స్టూలు లాక్కుని కూర్చున్నాడు.

"మారెక్క మందను వదిలేద్దాం. మళ్లీ పరీక్షిస్తే తక్కువొచ్చిందని చదువు. ఆడికి చాలు."

"ఆ నాలుగు మందలు?"

"అవి తిరిగొస్తాయా?"

"రావు."

"మరి చెప్పి ఏం లాభం? రెండో నీడలో జనం లెక్కను నమ్మక పోయినారు. నీకే బాగా తెలుసు. రేపు నీ అంతట నువ్వే మైకులో లెక్క తప్పని చెప్తే, ఎల్లుండి నిజంగా నల్లమచ్చ వచ్చినప్పుడు ఎవుడు నమ్ముతాడు? నీ పరువు కోసం చెప్తాండానా? ఊరి కోసం చెప్తాండా."

ఆయన మాటలో తప్పు పట్టడానికి నాకేమీ దొరకలేదు. మా తమ్ముడు గుర్తొచ్చాడు. ఒప్పుకోవాలనిపించింది. ఆలోచిస్తానని చెప్పి పంపించాను.

రోజు 2,909. ఉదయం

వేడి చూడలేదు.

సున్నం బండి తెల్లారకముందే మారెక్క దొడ్డి దగ్గరికి వెళ్లిందని తెలిసింది. బండి తోలేది కరిబసప్ప. మూడు నెలల కిందట ఆయన మందకు నేను 540 చదివాను. ముప్పై ఎనిమిది గొర్రెలు. మంద పోయాక వేరే పని రాక సున్నం తోలుతున్నాడు. ఆయన రోజూ మా గది ముందు నుంచే వెళతాడు. కనిపించినప్పుడల్లా బాగున్నావా అని నేనే పలకరిస్తుంటాను.

ఎనిమిదింటికి మైకు పట్టుకున్నాను. చదివింది ఇక్కడ ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

"లెక్కల గది సుంకమ్మను. మారెక్క మందకు జబ్బు లేదు. జబ్బు నా క్యాను నీళ్లలో ఉంది. అది నా చేత్తోనే పడింది. ఇదే తప్పు వల్ల అయిదు నెలల్లో నాలుగు మందలు గుంతకు పోయినాయి. ఓబక్కవి, నాగలింగానివి, తిమ్మరాజువి, కరిబసప్పవి. నా దగ్గరున్న పన్నెండు ముక్కల్లోనూ నల్లమచ్చ లేదు. రేపటి నుంచి ప్రతి పరీక్షలో ఉత్త నీళ్ల గొట్టం ఒకటి పెడతాను. మైకులో ముందు దాని లెక్క చదువుతాను. అది వెలిగిన రోజున మీరు నా మాట నమ్మొద్దు."

నీడగుడ్డ చిరుగు కుట్టారని కూడా చదవాలి, మర్చిపోయాను.

పదింటికి వన్నూరప్ప నుంచి కాగితం వచ్చింది. సమావేశం అనుమతి లేకుండా పరీక్షలో మార్పు చేసినందుకు ఆరు రోజుల రేషన్ కోత. దాని వెనక్కి ఇంకో కాగితం గుండుసూదితో గుచ్చి ఉంది. గ్లాసుడు కొత్త శుద్ధినీళ్లు మంజూరు చేసినట్టు. సంతకం రెండింటి మీదా ఆయనదే.

రోజు 2,909. మధ్యాహ్నం

మారెక్క రాలేదు. మేతకు పోయిందట. మూడు రోజులుగా దొడ్డిలోనే ఉన్న గొర్రెలు ఆకలితో అరుస్తుంటే ఇటు తిరిగి చూడడానికి ఆమెకు తీరికెక్కడిది.

వచ్చింది కరిబసప్ప. చేతులకు సున్నం ఇంకా అలాగే ఉంది. గడప దాటి లోపలికి వచ్చాడు. నేను ఆపలేదు.

"నావి ఎంత?"

"సున్న. మూడూ సున్నే."

ఆయన మిషన్ కేసి చూశాడు, ఫ్రీజర్ కేసి చూశాడు. కూర్చోమన్నా కూర్చోలేదు.

"గొర్రెలు గుంతలోకి దిగవమ్మా. సున్నం వాసన పడదు వాటికి. కొట్టినా దిగవు. అందుకే ముందు నేను దిగితి. దిగి పిలిస్తి. నా గొంతు ఇని వచ్చినాయి, ముప్పై ఎనిమిదీ. ఒగటి కూడా ఎనక్కి తిరగలేదు."

"తప్పు నాది కరిబసప్పా."

"తెలుసు. మైకులో వింటి."

క్షమించమని అడగలేదు. అడిగితే ఆయన ఏదో ఒకటి అనాల్సి వస్తుంది, ఆ బరువు కూడా ఆయన మీదే ఎందుకు పెట్టాలి. ఏడుపొచ్చింది, ఏడ్చాను. ఆయన నేను ఏడుస్తున్నంతసేపూ కదలకుండా నిలబడ్డాడు.

"ఆ ఉత్త నీళ్లు రోజూ పెడతావా?"

"పెడతాను."

"వెలిగిందో లేదో ఎవురు చూస్తారు?"

"నేనే."

"ఇన్నాళ్లూ నువ్వే కదా ఉండింది."

చేతిలోని గొట్టాల అర బల్ల మీద పెట్టేశాను.

"నేనూ చూస్తా" అన్నాడు. "నాకు చదువు రాదు. వెలిగేది, వెలగనిది తెలుస్తుంది కదా?"

"తెలుస్తుంది."

రోజు 2,911

గది వేడి 41. కొత్త క్యాను. గిన్నెలో మిగిలిన నీళ్లు గుమ్మం పక్క మిరప మొక్కకు.

కరిబసప్ప అయిదున్నరకే వచ్చాడు. నిన్న కూడా వచ్చాడు. మిషన్ ఎదురుగా నేల మీద గొంగడి వేసుకుని, మొదటి వరుసలో మొదటి గొట్టం వంక చూస్తూ కూర్చున్నాడు. గంటన్నరలో ఒక్కసారి కూడా తల తిప్పలేదు. గొర్రెలు కాసిన వాళ్లకు చూపు నిలపడం అలవాటేమో. నేను మాత్రం మూడుసార్లు లేచి తిరిగాను.

ఈరోజు వంతు సిద్దప్ప మందది. నలభై నాలుగు.

ఇరవై నాలుగో రౌండులో సిద్దప్ప రెండో గొర్రె వెలిగింది. ఇరవై ఎనిమిదిలో మూడోది. మొదటిది ముప్పై రెండు దాకా ఆగి సన్నగా వెలిగింది. ఉత్త నీళ్ల గొట్టం నలభై రౌండ్లూ అయ్యేదాకా చీకటిగానే ఉంది. మిషన్ ఆగాక కూడా కరిబసప్ప ఇంకాసేపు దాన్నే చూశాడు. కొత్త గొట్టాలు తీసి, మళ్లీ మొదటి నుంచి చేశాను. ఎనిమిదింటికి చదవాల్సిన లెక్కకు తొమ్మిదిన్నర దాటింది. ఊరు మైకుల కింద నిలబడి ఉంది. రెండో సారీ అవే అంకెలు వచ్చాయి. ఉత్త నీళ్లు రెండో సారీ వెలగలేదు.

"సదువు" అన్నాడు కరిబసప్ప.

చదివాను. "ఉత్త నీళ్లు, సున్న. సిద్దప్ప మంద. నలభై. పదకొండు వేల మూడు వందలు. ఎనిమిది వందల డెబ్బై. తినరాదు, పితకరాదు." గొంతు వణికింది. ఈసారి వణకనిచ్చాను. లెక్క వేలల్లోకి పోయింది కనక మూడు రోజులు ఆగడానికి లేదు. ఈరోజే గుంత.

సిద్దప్ప వచ్చాడు. పాతికేళ్లు కూడా ఉండవు, పోయిన ఏడే వాళ్ల నాయన నుంచి మంద చేతికొచ్చింది. నా వంక చూడలేదు. గడప అవతల నిలబడి కరిబసప్పను అడిగాడు.

"మామా, ఉత్త నీళ్లు వెలగలేదు కదా?"

"లేదు నాయనా. రెండు సార్లూ నేను చూస్తి."

సిద్దప్ప తలాడించాడు. ఇంకేమీ అడగలేదు. ఊళ్లో ఇంకెవరూ అడగలేదు. పొద్దున్నే పితికి తెచ్చిన ఆ మంద పాలను వన్నూరప్ప దగ్గరుండి సున్నంలో పోయించాడు.

కరిబసప్ప లేచి గొంగడి దులిపి భుజాన వేసుకున్నాడు. సున్నం బండి బయటే ఉంది.

"వాడు ఒగడే దిగలేడమ్మా" అన్నాడు నాతో. "నేనూ దిగుతా."